చక్రం నట్లూ, మా బాబాయి అంబాసిడరూ

సావనీరుకు ఏదైనా రాసివ్వమని మన యూనియను కార్యదర్శి గారు అడిగినప్పుడు, "మీ ఫిజిక్సు వాళ్ళు రాస్తే కృష్ణబిలాల గురించి రాస్తారు, లేకపోతే అసలు రాయరు" అని ఒక మాట కూడా అన్నారు. కృష్ణబిలాల్ని నేను చూడలేదు. కారు చక్రం నట్లు చూశాను. అందుకని వాటి గురించే రాస్తానన్నాను. ఆయన నవ్వి, పేజీలు మాత్రం మించకూడదన్నారు. నట్ల గురించి అన్ని పేజీలు ఏముంటాయని ఆయన ఉద్దేశం కాబోలు. ఉంటాయండీ. ఒక రాత్రి నలుగురి ప్రాణాలూ, ఇంకా పుట్టని ఐదో ప్రాణమూ, ఆ పైన ఒక పంచరు షాపు కుర్రాడి మర్యాదా వాటి మీదే ఆధారపడ్డాయి.

ముందు బండి సంగతి చెప్పాలి. మాది గురజాల ప్రాంతం. మిరప, పత్తి వేస్తాం. మా నాన్న పొలం చూసుకుంటే, మా బాబాయి పొలమూ, ట్రాక్టరూ, ఈ అంబాసిడరూ చూసుకుంటాడు. బండి 1996 నాటిది. బాబాయి కొనేనాటికే ఎన్ని చేతులు మారిందో ఆ ఇంజనుకే తెలియాలి. దాని రంగు తెలుపని కాగితాల్లో ఉంది. సున్నపు బట్టీల పక్కగా తిరిగే బండి కాబట్టి తెలుపు ఎంత, దుమ్ము ఎంత అన్నది ఎవరూ విడదీసి చెప్పలేరు. పదిహేనేళ్ళు నిండాక అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషను తిరగరాయించుకోవాలి గదా, అలా రాయించుకుంటూ వస్తున్నాడు. "దీన్ని ఇనప సామాన్లకి ఏసెయ్ రా" అని మా నాన్న అంటే, "నన్ను ఏసెయ్యి ముందు" అంటాడు.

అంబాసిడరు చరిత్ర మన అధ్యాపకుల తరానికి నాకంటే బాగా తెలుసు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు, ఇంగ్లాండు వాళ్ళ మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో వరస నమూనా తీసుకుని, 1958 నుంచి తయారుచేశారు. మంత్రులూ, కలెక్టర్లూ, పెళ్ళికొడుకులూ దానిలోనే తిరిగారు. 2014 మే నెలలో ఆ కార్ఖానాలో పని ఆగిపోయింది. 2017లో ఆ పేరును మాత్రం ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీ వాళ్ళు 80 కోట్ల రూపాయలకు కొన్నారు. పేరుకు 80 కోట్లు పలికిన బండి మా వాకిట్లో వేపచెట్టు కింద కోళ్ళకు నీడ ఇస్తూ ఉంటుంది! సామాన్లు కావాలంటే బాబాయి విజయవాడ ఆటోనగరుకు పోయి, ఒక పూట తిరిగి, పాత బళ్ళ లోంచి ఊడదీసినవి బేరమాడి తెచ్చుకుంటాడు.

ఆ బండి మా ఇంటిదన్నమాటే గానీ ఊరందరిదీ. పాము కరిచినా, పెళ్ళికి పోవాలన్నా, గుంటూరు మిర్చి యార్డు నుంచి రాత్రిపూట తిరిగి రావాలన్నా అదే. అందరూ ఎక్కుతారు, డీజిలుకు ఇచ్చేవాళ్ళు ఇస్తారు. దిగాక చక్రం వంక చూసేవాడు మాత్రం మా బాబాయి ఒక్కడే.

ఆయనకొక అలవాటు ఉంది. బండిలో పాటలు పెట్టడు. చిన్నప్పుడు మాకు కోపంగా ఉండేది. "పాటలు పెడితే బండి ఏం చెప్తుందో నాకెట్టా ఇనపడుద్ది?" అనేవాడు. బండి ఏం చెప్తుందో మాకేం తెలుసు? ఈ అలవాటు ఆయనకు మా తాత నుంచి వచ్చింది. తాత కాలంలో మా ఇంట్లో ఎడ్లబండి. ఇరుసు చివర చక్రం జారిపోకుండా ఒక ఇనప సీల ఉంటుంది. బండి కట్టే ముందు తాత రెండు వైపులా వంగి, ఆ సీల మీద బొటనవేలు పెట్టి నొక్కి చూసేవాడట. గడ్డి కాల్చిన మసీ, ఆముదమూ కలిపిన కందెన గురించి మనం సుమతీ శతకంలో చదువుకున్నాం. సీల గురించి మాత్రం నేను మా తాత కథల్లోనే విన్నాను. యుద్ధంలో దశరథుడి రథానికి సీల ఊడిపోతే కైకేయి తన వేలు పెట్టి ఆపిందనీ, ఆ వేలికి బదులే రాముడి అడవివాసమనీ హరికథలో విన్నది ఆయన చెప్పేవాడు. "సీల సూసుకోకపోతే రాజ్యాలే పోయినయ్, మనదెంత" అనేవాడు.

ఇక అసలు విషయానికి వస్తాను. కిందటేడు శివరాత్రికి మా వాళ్ళంతా కోటప్పకొండ తిరునాళ్ళకు బయలుదేరారు. పల్నాటి వాళ్ళకు కోటప్పకొండ తిరునాళ్ళంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఊరూరి నుంచీ ప్రభలు కదిలిపోతుంటే బండ్లకూ, ఎడ్లకూ, మనుషులకూ అలంకారమే. బాబాయి కూడా ఒక డబ్బా వెండి రంగు తెచ్చి, నాలుగు చక్రాలూ ఊడదీసి, కుంచెతో రెండు పూతలు వేశాడు. లోపలి వైపూ బయటి వైపూ, బోల్టులు దూరే చిల్లుల చుట్టూ, ఎక్కడా వదలకుండా పూశాడు. నిజం చెప్పొద్దూ, కొత్త పెళ్ళికూతురి మెట్టెల్లాగా మెరిసినయ్ ఆ చక్రాలు. తిరునాళ్ళకు వెళ్ళొచ్చాం. ఆ మర్నాడు ఎడమవైపు వెనక టైరుకు మేకు దిగింది. రోడ్డు పక్క షాపులో ఒక కుర్రాడు చక్రం తీసి, పంచరు వేసి, మళ్ళీ బిగించాడు.

శివరాత్రి వెళ్ళిన నాలుగో రాత్రి మా అక్కకు నొప్పులొచ్చాయి. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. డాక్టరమ్మ చెప్పిన తేదీకి ఇంకా పది రోజులుంది. బండి వాకిట్లోనే ఉంది గనుక ఇంక దేనికీ ఎదురుచూడకుండా అక్కనూ అమ్మనూ వెనక కూర్చోబెట్టి, నేను ముందు కూర్చుని, పిడుగురాళ్ళ మీదుగా నరసరావుపేటకు బయలుదేరాం. రాత్రి పన్నెండు దాటింది. వెనక నుంచి అక్క మూలుగు, అమ్మ దేవుళ్ళందరినీ పిలవడం. ఈ గోలలో పిడుగురాళ్ళ దగ్గరపడుతుండగా బాబాయి ఉన్నట్టుండి యాక్సిలేటరు మీద కాలు తీసేశాడు.

"ఏంది బాబాయ్?" అన్నాను.

"ఇనపడటంలా? టక్కు టక్కుమంటంది."

నాకు వినపడలేదు. బండి నెమ్మదించాక వినపడింది. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒక చిన్న చప్పుడు, గోడ గడియారంలాగా. వేగం తగ్గితే చప్పుడు ఎడం పెరుగుతోంది. బాబాయి బండిని మెల్లిగా పక్కకు దించి ఆపాడు. నేను సెల్లు దీపం పట్టుకున్నాను. చక్రం మీది స్టీలు మూతను బాబాయి స్క్రూ డ్రైవరుతో ఎత్తేసరికి, మూతలోంచి ఒక నట్టు గలగలమంటూ దొర్లి నా కాళ్ళ దగ్గర పడింది. మిగతావి బోల్టుల మీదే ఉన్నాయి గానీ వేళ్ళతో తిప్పితే తిరుగుతున్నాయి. వేళ్ళతో! చిల్లుల అంచుల నుంచి కిందికి తుప్పు నీళ్ళ చారలు కారి ఉన్నాయి. వెండి రంగు మీద అవి నెత్తురు చారల్లాగా కనపడి నాకు కాళ్ళు చల్లబడ్డాయి.

బాబాయి ఒక్క మాటా మాట్లాడలేదు. కింద రాయి పెట్టి, జాకీ ఎత్తి, చక్రాన్ని రెండు చేతులతో లోపలికి నెట్టి, నట్లను ఒకదాని పక్కన ఒకటి కాకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ వచ్చాడు. జాకీ దించి మళ్ళీ ఒక చుట్టు బిగించాడు. పది నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ పది నిమిషాలూ వెనక సీట్లో మా అక్క ఎలా ఉందో రాయను. బయలుదేరి రెండు మూడు కిలోమీటర్లు పోయాక బాబాయి మళ్ళీ ఆపి, దిగి, పానా పెట్టి చూశాడు. "ఇంకెన్ని సార్లు ఆపుతావ్ బాబాయ్, నేను ఈడనే కంటా!" అని అక్క అరిచింది. ఆయన విన్నట్టు లేదు. పేట చేరేలోపు మరొక్కసారి కూడా ఆపాడు. తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. ఆ పిల్ల ఇప్పుడు వాకిట్లో తప్పటడుగులు వేస్తూ అదే చక్రాన్ని పట్టుకుని నిలబడుతోంది.

ఇంతవరకు బాగానే ఉంది. ఆ మర్నాడు మందులు తేవడానికని బాబాయితో పాటు నేనూ వెళితే, ఆయన బండిని తిన్నగా ఆ పంచరు షాపు ముందు ఆపాడు. దిగీ దిగకముందే ఆ కుర్రాడి మీద విరుచుకుపడ్డాడు. "నట్లు బిగించడం చేతగానోడివి షాపు పెట్టుకున్నావెందుకురా? కాన్పు పిల్లని తీసుకుని పోతన్నా నేను!" అంటూ రోడ్డు మీద పదిమందీ పోగయ్యేలాగా అరిచాడు. ఆ అబ్బాయికి నా వయసు కూడా ఉండదు. "పానా మీద నిలబడి బిగిచ్చాను అన్నా, ఒట్టు" అన్నాడు. ఎవరు నమ్ముతారు? నట్టు వదులైందంటే బిగించనట్టే గదా! పోగైన పదిమందీ ఆ మాటే అన్నారు. అతను ఇంకేమీ అనకుండా చేతులు గుడ్డతో తుడుచుకుంటూ నిలబడిపోయాడు. ఆ గుడ్డ చేతులకన్నా మురికిగా ఉంది. నాకెందుకో అది బాగా గుర్తుండిపోయింది.

ఇంటికొచ్చాక చక్రం మళ్ళీ ఊడదీయించాను. బాబాయి విసుక్కున్నాడు గానీ తీశాడు. చక్రం రేకు వెనక, డ్రమ్ముకు ఆనుకునే చోట, వెండి రంగు పొడి పొడిగా నలిగి రాలుతోంది. చిల్లుల చుట్టూ నట్టు కూర్చునే గుంటల్లో కూడా అంతే. ఒక పక్క రంగు ముద్దగా ఉంది, ఇంకో పక్క ఇనుము బయటపడి అద్దంలాగా మెరుస్తోంది. వేలితో తీస్తే గోరు నిండా రంగు వచ్చింది. అప్పుడు నాకు మన మొదటి సంవత్సరం ప్రాక్టికల్సులో తీగకు బరువులు వేలాడదీసి యంగ్ గుణకం కనుక్కునే ప్రయోగం గుర్తొచ్చింది.

మనం సాధారణంగా ఏమనుకుంటామంటే, గోడకు కొట్టిన మేకుకు చొక్కా తగిలించినట్టు, చక్రం ఆ బోల్టుల మీద వేలాడుతూ ఉంటుందనీ, నట్లు అది బయటికి జారకుండా అడ్డంగా ఉంటాయనీ. ఎడ్లబండి సీల చేసేది ఆ పనే. కారులో అది కాదు జరిగేది. నట్టు బిగించినప్పుడు బోల్టు సాగుతుంది. అవును, ఇనుమే, కానీ సాగుతుంది. సాగిన బోల్టు రబ్బరు బ్యాండులాగా వెనక్కి ముడుచుకోవాలని చూస్తూ, చక్రం రేకును డ్రమ్ముకు అదిమిపెడుతుంది. ఆ అదుముడు వల్ల రెండు ఇనప ముఖాల మధ్య పుట్టే ఘర్షణే బండి బరువునూ, బ్రేకు వేసినప్పటి లాగుడునూ మోస్తుంది. చక్రాన్ని పట్టుకున్నది బోల్టు లావు కాదు, అది సాగిన సాగుడు.

ఆ సాగుడు ఎంత? 12 మిల్లీమీటర్ల బోల్టు అనుకుని, నట్టును 100 న్యూటన్ మీటర్ల టార్కుతో బిగించామనుకుని లెక్క వేశాను. చిన్న కార్లకు దాదాపు అంతే ఉంటుంది. ఏ బండికి ఎంతో ఆ బండి పుస్తకంలో చూసుకోవాలి. ఒక్కొక్క బోల్టు అదిమే బలం సుమారు నాలుగు టన్నుల బరువంత వచ్చింది. అంటే నలభై కిలోల మిర్చి టిక్కీలు వంద, ఒక్క బోల్టుకు! అంత బలానికీ బోల్టు సాగేది మాత్రం 0.05 మిల్లీమీటరు. తలవెంట్రుక మందం. నాలుగు టన్నుల పట్టు అంతా ఆ వెంట్రుక మందంలో ఉంది. ఇక కుంచెతో వేసిన రెండు పూతల రంగు మందమో? ఎంత లేదన్నా 0.1 మిల్లీమీటరు ఉంటుంది. ఒకవేళ నట్టు కిందా రేకు వెనకా ఉన్న రంగు బండి నడిచేటప్పుడు నలిగి, పొడై, బయటికి రాలిపోయిందంటే, నట్టు తాను వేసిన మర మీద ఇసుమంతైనా తిరగకుండానే బోల్టు సాగుడంతా పోయినట్టే. ఆ కుర్రాడు పానా మీద నిలబడి బిగించాడన్నది నిజం. అతను బిగించింది చక్రాన్ని కాదు, మా బాబాయి వేసిన రంగును.

ఈ లెక్క నోటుబుక్కులో వేసి చూపిస్తే బాబాయి, "అయితే ఊడి మూతలో పడిందేంది మరి? రంగు పోతే నట్టు తనంత తనే తిరుగుద్దా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు కోసం మన లైబ్రరీలో రెండు రోజులు కూర్చున్నాను. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మను ఇంజనీరు దీని మీదే పరిశోధన పత్రం వేశాడు. అంతవరకు అందరూ బోల్టును నిలువుగా కుదిపితే నట్టు వదులవుతుందని అనుకునేవాళ్ళు. ఆయన, బిగించిన రెండు రేకుల్నీ అడ్డంగా, ఒకదాని మీద ఒకటి జరిగేలాగా కుదిపి చూపించాడు. అలా కుదిపితే బాగా బిగించిన నట్టు కూడా చూస్తుండగానే తిరిగి ఊడివస్తుంది.

కారణం మన యార్డులో చూడొచ్చు. మర అంటే ఏమిటి? బోల్టుకు చుట్టిన ఏటవాలు బల్లే గదా. లారీకి ఆనించిన చెక్క బల్ల మీద టిక్కీ పెడితే, ఘర్షణ ఉంది కాబట్టి జారకుండా కూర్చుంటుంది. బల్లను పక్కకు అటూ ఇటూ ఊపామనుకోండి, ఎవరూ నెట్టకుండానే టిక్కీ కిందికి జారుతుంది. పక్కకు జారుతున్నప్పుడు ఘర్షణ ఆ జారుడును ఆపడంలోనే ఖర్చైపోయి, కిందికి పోనివ్వకుండా పట్టుకోవడానికి మిగలదు. నట్టు సంగతీ అంతే. రంగు నలిగి పట్టు తగ్గింది. పట్టు తగ్గేసరికి గుంత పడినప్పుడల్లా, మలుపు తిరిగినప్పుడల్లా చక్రం రేకు డ్రమ్ము మీద వెంట్రుకవాసి పక్కకు జరుగుతోంది. ఆ జరుగుడుకు నట్టు తన ఏటవాలు మీద దిగిపోతోంది. మా వైపు రోడ్లకు ఆ మాత్రం ఊపడం ఒక లెక్కా!

అందుకే పాతకాలపు ఇంజనీర్లలో కొందరు ఎడమవైపు చక్రాలకు ఎడమ మరలు పెట్టేవాళ్ళు, అంటే బిగించాలంటే మనం మామూలుగా విప్పే వైపు తిప్పాలి. రెండో ప్రపంచయుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపులకు అలాగే ఉండేది. అమెరికా క్రైస్లర్ కంపెనీ కార్లకూ 1970 ప్రాంతం వరకూ ఉంది. తిరిగే చక్రమే తన నట్టును బిగించుకుంటుందని వాళ్ళ ఆశ. తరువాత చాలామంది దాన్ని వదిలేశారు. నట్టు కూర్చునే చోటు కోసుగా చేసి, సరిగ్గా బిగిస్తే చాలునని తేలింది. ఆ కోసు గురించి ఒక మాట: నట్టుకు వాలుగా ఉన్న వైపు చక్రం లోపలికి పోవాలి. దాన్ని తిరగేసి బిగించిన బళ్ళు మా ఊళ్ళోనే రెండు చూశాను. బల్లపరుపు వైపు లోపలికి పోతే అది అంచుల మీద మాత్రమే ఆనుతుంది. బిగిసినట్టే ఉంటుంది గానీ బిగవదు.

ఇక్కడ పానా మీద నిలబడటం గురించి కూడా చెప్పాలి. మా బాబాయికీ, ఆ కుర్రాడికీ, మా వైపు మగవాళ్ళందరికీ ఉన్న నమ్మకం ఏమిటంటే, ఎంత బలంగా తొక్కితే అంత భద్రమని. "నీ చేత ఏమవుద్ది అమ్మాయ్, నలభై ఆరు కేజీలు లేవు" అని నన్ను ఎగతాళి చేసేవాడు బాబాయి. సరే, లెక్క చూడండి. మా పానా పిడి నలభై సెంటీమీటర్లు. 100 న్యూటన్ మీటర్లు రావాలంటే దాని చివర వెయ్యాల్సిన బలం పాతిక కిలోల బరువు. పాతిక కిలోల బియ్యం బస్తా మా అమ్మ రోజూ ఎత్తుతుంది. నలభై ఆరు కిలోల నేను దాని మీద ఊరికే నిలబడితేనే 180 వస్తుంది. ఎనభై కిలోల బాబాయి నిలబడితే 300 దాటుతుంది, ఎగిరి తొక్కితే ఎంతో ఆయనకే తెలియాలి. తీగకు బరువులు మరీ ఎక్కువ వేలాడదీస్తే తీసేశాక కూడా తీగ వెనక్కి రాదు గదా, ఆ హద్దు దాటితే బోల్టూ అంతే. సాగి, సాగినట్టే ఉండిపోతుంది, పట్టు పోతుంది. అదే పనిగా తొక్కితే ఒకనాడు పుటుక్కున తెగుతుంది. పైగా మా బాబాయి కందెన అలవాటు కొద్దీ మరలకు గ్రీజు రాసేవాడు. గ్రీజు రాస్తే ఘర్షణ తగ్గి, అదే తొక్కుడుకు బోల్టు ఇంకా ఎక్కువ సాగుతుంది. మనం పెట్టే బలంలో దాదాపు తొంభై పాళ్ళు నట్టు కిందా మరల్లోనూ ఘర్షణకే పోతుంది, పది పాళ్ళే బోల్టును సాగదీస్తుంది. ఆ తొంభైలో కాస్త తగ్గించినా ఈ పది ఎంత పెరుగుతుందో ఊహించుకోండి. వంటింటి లెక్కే ఇది.

ఇంతా చెప్పి బాబాయిని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆ రాత్రి ఆయన చేసిన పనుల్లో నా లెక్కలకు అందనిది ఒకటీ లేదు. చప్పుడుకు బండి ఆపడం, ఎదురెదురు నట్లు బిగించడం (నులక మంచం బిగించేవాడు కూడా ఒకే వైపు లాగడు), జాకీ దించాక మళ్ళీ బిగించడం, అన్నిటికన్నా ముఖ్యంగా, కాస్త దూరం పోయి మళ్ళీ దిగి చూడటం. కార్ల కంపెనీల వాళ్ళు కూడా చక్రం తీసి వేశాక 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచింతర్వాత మరోసారి బిగింపు చూడమంటారు. ఎందుకంటే రంగో, తుప్పో, మట్టో, ఇరుక్కున్నది ఏదైనా అప్పటికి నలిగి కూర్చుంటుంది. మా తాత ప్రతి ప్రయాణానికీ సీల నొక్కి చూసింది ఊరికే కాదు. మన దగ్గర లోపమల్లా ఎక్కడంటే, చక్రం బిగించేవాడు ఒకడు, నడిపేవాడు ఇంకొకడు. పంచరు షాపు కుర్రాడు రోడ్డు మీద యాభై కిలోమీటర్లు మన వెనకే పరుగెత్తి రాలేడు. రెండోసారి చూడటం బండి గలవాడి పని. బండి ఊరందరిదీ అయినప్పుడు అది ఎవరి పనీ కాకుండా పోతుంది.

అన్ని నట్లనూ ఒకే తీరుగా చూడకూడదని కూడా ఈ సందర్భంలోనే తెలిసింది. మా ట్రాక్టరు ట్రక్కు హబ్బు లోపల, ఇరుసు చివర ఒక పెద్ద నట్టు ఉంటుంది, కోట బురుజులాగా గాట్లతో. దాని గాట్లలోంచి ఇరుసుకు అడ్డంగా ఒక చీలిక పిన్ను దూరుస్తారు. కోసు రోలర్ల బేరింగుల్ని పట్టుకునే నట్టు అది. దాన్ని మాత్రం చక్రం నట్టులాగా తొక్కి బిగిస్తే కొంపే. రోలర్లు వేడెక్కి, గ్రీజు కరిగి కారిపోయి, బేరింగు బిగుసుకుపోతుంది. దాన్ని బిగించి, చక్రాన్ని తిప్పి చూసి, మళ్ళీ కొద్దిగా వెనక్కి వదిలి, పిన్ను పెట్టాలి. ఎడ్లబండి చక్రం కూడా ఇరుసు మీద కాస్త ఆడాలి గదా. ఒకే చక్రానికి బయట బిగుతుగా ఉండాల్సిన నట్లు, లోపల చూసీ చూడనట్టు వదలాల్సిన నట్టు. పిన్ను పోతే చాలామంది ఏ తీగముక్కో, మేకో వంచి పెడతారు. మిరప కోతల రోజుల్లో ఆ ట్రక్కులోనే తెల్లవారకముందే పాతికమంది ఆడవాళ్ళు నిలబడి పొలాలకు పోతారు. ఆటోల్లో అయితే చెప్పనే అక్కర్లేదు, డ్రైవరుకు రెండు పక్కలా కూడా మనుషులే. పల్నాడు పేపర్లలో కూలీల బండి బోల్తా అని వార్త చదివినప్పుడల్లా డ్రైవరు నిద్రమత్తు, అతివేగం అని రాస్తారు. అవి నిజమే అయుండొచ్చు. కానీ ఆ చక్రాల మూతలు తీసి చూసినవాడెవరు అని నాకు అనిపిస్తూ ఉంటుంది. మా ట్రక్కుకు మాత్రం చీలిక పిన్నులు ఒక పొట్లం కొనిపెట్టాను. ఒకటి అయిదు రూపాయలు కూడా లేదు.

పంచరు కుర్రాడి సంగతి చెప్పలేదు కదూ. తప్పయిందని అడిగే అలవాటు మా ఇంటి మగవాళ్ళకు లేదు. నా లెక్క చూశాక బాబాయి రెండు రోజులు మాట్లాడలేదు. ఆ తరువాత ఒకరోజు మేం అటు పోతుంటే ఆ షాపు ముందే బండి ఆపి, "స్టెప్నీ గాలి సూడు అబ్బయ్యా" అన్నాడు. స్టెప్నీలో గాలి నిండుగా ఉంది. (ఈ స్టెప్నీ అనే మాట వేల్సు దేశంలోని లనెల్లీ పట్టణంలో ఒక వీధి పేరు, 1904లో ఆ వీధిలో మొదలైన విడి చక్రాల కంపెనీ పేరు మన దగ్గర అలా నిలిచిపోయింది. కాబట్టి మనం రోజూ ఒక వీధిని వెనక వేసుకుని తిరుగుతున్నామన్నమాట.) అతను చూసి, "ఉందన్నా" అన్నాడు. "అయినా సరే, నాలుగు చక్రాలూ ఒకసారి ఇప్పి, రంగు గీకి, మళ్ళా బిగించు" అని బాబాయి కింద కూర్చున్నాడు. నేను ఉప్పుకాగితం తీసుకుని చిల్లుల చుట్టూ గీకాను, ఆ అబ్బాయి వైరు బ్రష్షుతో డ్రమ్ము ముఖం తోమాడు. డబ్బులిస్తుంటే అతను గీకినందుకు తీసుకోనన్నాడు. బాబాయి చొక్కా జేబులో పెట్టి వచ్చాడు. ఇంకో రెండు రోజులకు పొలం నుంచి వస్తూ ఆయనంతట ఆయనే ఆగి, మూతలు తీసి, పానాతో నట్లు తట్టి చూశాడు. ఈసారి తొక్కలేదు, చేత్తోనే.

నేను స్కాలర్‌షిప్పు డబ్బుల్లో కొంత పెట్టి ఒక టార్క్ రెంచి కొన్నాను. ఎంత బిగించాలో పెట్టుకుంటే, అంత రాగానే టక్కుమంటుంది. బాబాయికి ఆ టక్కు బాగా నచ్చింది. "ఇది మన భాష మాట్లాడతంది" అంటాడు. ఊళ్ళో వాళ్ళు అడిగి తీసుకుపోతున్నారు గానీ, తిరిగి ఇచ్చేటప్పుడు స్ప్రింగు వదులు చేసి ఇవ్వమంటే ఎవరికీ గుర్తుండటం లేదు. దాంతో మేకులు కొట్టినవాడు కూడా ఉన్నాడు.

ఈ ఏడు శివరాత్రికి బాబాయి మళ్ళీ వెండి రంగు డబ్బా తెచ్చాడు. వద్దంటే వినే మనిషి కాదు, తిరునాళ్ళకు మాసిన చక్రాలతో ఎట్టా పోతామంటాడు. అందుకని నేను పాత క్యాలెండరు అట్టలు తీసుకుని, నట్టు గుంటలకు సరిపోయేలా గుండ్రటి బిళ్ళలు కత్తిరించాను, డ్రమ్ముకు ఆనే చోటికి పెద్ద చక్రంలాంటి అట్ట ఒకటి. అవి మైదాపిండి జిగురుతో అంటించి, ఆరాక చూసి చెప్తానన్నాను. అప్పటిదాకా డబ్బా మూత తియ్యొద్దన్నాను. తియ్యలేదు గానీ, కుంచె మాత్రం కిరసనాయిల్లో నానబెట్టి కూర్చున్నాడు.